ముందు నాగలా, లోడరా? ఆయిల్ లెక్క చూసి తేల్చుకోండి

ప్రశ్న: మాకు 45 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ ఉంది. ఇన్నాళ్లూ కల్టివేటర్, రోటవేటర్, మామూలు ట్రాలీతోనే సరిపెట్టుకున్నాం. ఇప్పుడు హైడ్రాలిక్‌వి, అంటే ఆయిల్ బలంతో నడిచేవి, ఒక్కొక్కటిగా కొందామనుకుంటున్నాం: అటూ ఇటూ తిరిగే రివర్సిబుల్ నాగలి, తొట్టి ఎత్తి లోడు పోసే జాకీ ట్రాలీ, ట్రాక్టర్ ముందువైపు బకెట్‌తో ఉండే లోడర్. ఎవరినడిగినా "45 హెచ్‌పీ కదండీ, ఏదైనా లాగేస్తుంది" అంటున్నారు. అన్నయ్య ముందు లోడర్ కొందామంటాడు, నేను నాగలి అంటున్నాను. ట్రాక్టర్ వెనక ఆయిల్ పైపు తగిలించే పాయింటు ఒక్కటే ఉంది. ఇంకో సంగతి, కల్టివేటర్ ఎత్తి ఇంజిన్ ఆపితే పది నిమిషాల్లో నేలకు దిగిపోతోంది. ఏది ముందు తీసుకోవాలి, వాడకంలో ఏం చూసుకోవాలి?

జవాబు: మీరు ఉత్తరం చివర్లో ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాసిన రెండు విషయాలే అసలైనవి. వెనక ఒక్కటే ఆయిల్ పాయింటు ఉండటం ఒకటి, ఎత్తిన కల్టివేటర్ దిగిపోవడం రెండోది. ఏది కొనాలో, ఎప్పుడు కొనాలో ఆ రెండే చెబుతున్నాయి. నా మాట ముందే చెప్పేస్తాను. మొదట వెనక పనిముట్టును ఎత్తి దించే లిఫ్టు బాగు చేయించండి. తర్వాత వెనక డబుల్ యాక్టింగ్ వాల్వు, అంటే రెండు పైపులతో ఆయిల్ నడిపేది, పెట్టించండి. దాని మీద నాగలి, జాకీ ట్రాలీ రెండూ నడుస్తాయి. లోడర్ ప్రస్తుతానికి వద్దు. మీ అన్నయ్యకు ఈ మాట రుచించకపోవచ్చు కాబట్టి లెక్కలతో సహా రాస్తున్నాను, ఇద్దరూ కూర్చుని చూసుకోండి.

వాళ్లు చెప్పే 45 హెచ్‌పీ ఇంజిన్‌ది. దుక్కి లాగడానికీ, పీటీఓ, అంటే రోటవేటర్ లాంటివాటిని తిప్పే వెనక కడ్డీ, తిప్పడానికీ ఆ బలం అక్కరకొస్తుంది. జాకీని ఎత్తేది మాత్రం ఇంజిన్ తిప్పే ఒక చిన్న గేరు పంపు. దాని బలం ఎంతో తెలియాలంటే రెండు అంకెలు కావాలి. నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిల్ తోస్తుంది, ఎన్ని బార్ల ప్రెషర్ దగ్గర రిలీఫ్ వాల్వు, అంటే ప్రెషర్ మితిమీరకుండా ఆయిల్‌ని వదిలేసేది, తెరుచుకుంటుంది. లీటర్లను బార్లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఉదాహరణకు నిమిషానికి 30 లీటర్లు, 150 బార్లు అనుకుందాం. 7.5 కిలోవాట్లు, అంటే సుమారు 10 హెచ్‌పీ. 45 హెచ్‌పీ ట్రాక్టర్ నుంచి ఆయిల్ దారిలో బయటికొచ్చేది ఆ పదే. అదీ ఇంజిన్ పూర్తి చక్కర్ల మీద ఉన్నప్పుడు. చక్కర్లు సగానికి తగ్గితే ఆయిలూ సగానికి తగ్గుతుంది. ఇంజిన్ హెచ్‌పీ చూసి హైడ్రాలిక్ పనిముట్టు కొనడం ఎద్దు కొమ్ములు చూసి పాల లెక్క వేసినట్టే ఉంటుంది. మీ ట్రాక్టర్ మాన్యువల్‌లో ఈ రెండు అంకెలూ ఉంటాయి. ఒక కాగితం మీద రాసుకుని, అంగడికి వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకోండి.

ప్రెషర్ బలాన్నిస్తుంది, లీటర్లు వేగాన్నిస్తాయి. ఈ రెండింటినీ కలిపేసుకునే చాలామంది మోసపోతారు. 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిలిండర్‌లో 150 బార్ల ప్రెషర్ దాదాపు 3,000 కిలోల బరువుని తోస్తుంది. అదే సిలిండర్ వెనక్కి లాగేటప్పుడు రాడ్ మందం కొంత చోటు తినేస్తుంది. రాడ్ 30 మిల్లీమీటర్లయితే లాగే బలం 1,900 కిలోలకు పడిపోతుంది. 100 మిల్లీమీటర్ల సిలిండర్ తీసుకుంటే తోసే బలం నాలుగింతలు, 12,000 కిలోలు. కానీ అది నిండటానికి ఆయిల్ కూడా నాలుగింతలు కావాలి. నిమిషానికి 30 లీటర్ల పంపుతో ఒక మీటరు కదలడానికి దాదాపు 16 సెకన్లు పడుతుంది. కాబట్టి "పెద్ద జాకీ వేయించండి, బాగా లేస్తుంది" అని ఎవరైనా అంటే, లేస్తుంది నిజమే, ఎంతసేపటికి లేస్తుందో, ఎంత ఆయిల్ తాగుతుందో కూడా అడగండి.

నాగలి దగ్గరికొస్తే ఇంకో అంకె చూడాలి, లిఫ్టు సామర్థ్యం. కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో వేసేది సాధారణంగా లోయర్ లింకుల (పనిముట్టును పట్టుకునే కింది రెండు చేతుల) చివర, అంటే పిన్ను దూరే గుండ్ల దగ్గర కొలిచింది. పనిముట్టు బరువు అక్కడ ఉండదు, ఇంకా వెనక ఉంటుంది. అందుకే పరీక్షల్లో ఆ గుండ్లకు 610 మిల్లీమీటర్ల వెనక కూడా కొలుస్తారు. అక్కడి అంకె తక్కువ ఉంటుంది. మీకు పనికొచ్చేది ఆ తక్కువ అంకే. రివర్సిబుల్ నాగలికి పైనొక జత, కిందొక జత పాళ్లు ఉంటాయి కాబట్టి మామూలు నాగలికంటే బాగా బరువు.

లిఫ్టు ఎత్తినంత మాత్రాన సరిపోదు, ముందు చక్రాలు నేల మీద ఉండాలి. ట్రాక్టర్ బరువు 2,000 కిలోలు, అందులో 800 ముందు ఇరుసు మీద ఉన్నాయనుకోండి. వెనక ఇరుసు నుంచి 1.6 మీటర్ల దూరంలో 400 కిలోల నాగలి వేలాడితే, రెండు ఇరుసుల మధ్య దూరం 1.9 మీటర్లయినప్పుడు, ముందు ఇరుసు మీదినుంచి 335 కిలోలకు పైగా తగ్గిపోతాయి. మిగిలేది 460. ట్రాక్టర్ బరువులో కనీసం ఐదో వంతు ముందు ఉంటేనే స్టీరింగ్ మాట వింటుందని ఒక మోటు లెక్క ఉంది. మన ఉదాహరణలో ఆ అయిదో వంతు 400. అంటే అంచు మీద ఉన్నాం. గట్టు ఎక్కినా, గతుకులో పడినా ముందు లేస్తుంది. బంపర్‌కి తగిలించే ఇనుప బరువులు ఇందుకే. నాగలితో పాటే అవీ కొనండి, తర్వాత చూద్దామనుకోవద్దు. లింకు పిన్నుల మందం కూడా కొలుచుకోండి. కేటగిరీ 1 అయితే కింద 22, పైన 19 మిల్లీమీటర్లు. కేటగిరీ 2 అయితే కింద 28, పైన 25 చిల్లర. పెద్ద గుండులో చిన్న పిన్ను వేసి పని కానిచ్చేస్తే నాగలి ఊగులాడి గుండే అరుగుతుంది. బుష్‌లు దొరుకుతాయి, వేయించండి.

ఇక ఆ ఒక్క ఆయిల్ పాయింటు సంగతి. అది బహుశా సింగిల్ యాక్టింగ్. ఆయిల్ ఒకే పైపులో వెళ్తుంది, దిగేటప్పుడు అదే పైపులో తిరిగొస్తుంది. బరువే కిందికి నెట్టే జాకీ ట్రాలీకి అది చాలు. రివర్సిబుల్ నాగలిని అటూ ఇటూ తిప్పే సిలిండర్‌కి మామూలుగా రెండు పైపులు కావాలి, ఒకటి తోయడానికి, ఒకటి లాగడానికి. ఇదే డబుల్ యాక్టింగ్. డబుల్ యాక్టింగ్ వాల్వు ఉంటే దాని ఒక పైపు మీద ట్రాలీని కూడా నడుపుకోవచ్చు, అందుకే అది పెట్టించమంటున్నాను. కంపెనీ ఇచ్చే కిట్టు దొరికితే అదే మేలు.

బయట వాల్వు కొని మెకానిక్ చేత పెట్టిస్తే ఒక్క విషయం దగ్గర నిలబడి చూడండి. గేరు పంపు ఉన్న ట్రాక్టర్లలో ఎక్కువగా లివర్ మధ్యలో ఉన్నప్పుడు ఆయిల్ వాల్వులోంచి దాటిపోయి, తర్వాత లిఫ్టుకి వెళ్తుంటుంది. అలా దాటించడానికి వాల్వుకి పవర్ బియాండ్ అనే వేరే దారి ఉండాలి. అది లేని వాల్వు తెచ్చి, ట్యాంకుకి వెళ్లే రంధ్రం నుంచే పైపు లాగి లిఫ్టుకి కలిపేస్తారు కొందరు. అప్పుడు ఆ వాల్వు తర్వాత ఉన్న లిఫ్టు బరువెత్తిన ప్రతిసారీ, ప్రెషర్ తట్టుకోవడానికి చేయని భాగంలో ప్రెషర్ నిలుస్తుంది. వాల్వు ఒళ్లే పగలొచ్చు. "పవర్ బియాండ్ ఉందా?" అని అడిగితే తెల్లమొహం వేసే చోట ఆ పని చేయించకండి.

ట్రాలీ విషయంలో జనం తక్కువగా ఆలోచించేది ఆయిల్ గురించే. చాలా ట్రాక్టర్లలో హైడ్రాలిక్‌కి విడిగా ట్యాంకు ఉండదు, గేరుబాక్సు, వెనక ఇరుసు, లిఫ్టు అన్నీ ఒకే ఆయిల్‌లో ఉంటాయి. సగటున 100 మిల్లీమీటర్ల వ్యాసం, ఒకటిన్నర మీటర్ల ఎత్తు లేచే జాకీలోకి దాదాపు 12 లీటర్లు వెళ్లిపోతుంది. ట్రాలీ పైకి లేచి ఉన్నంతసేపూ ఆ 12 లీటర్లు గేరుబాక్సులో ఉండవు. మట్టం బాగా పడిపోతే పంపు ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తుంది. కీచుమని అరుపు, నురగ, జాకీ కుదుపులు అన్నీ దాని లక్షణాలే. బయటి పనిముట్లకు ఎన్ని లీటర్లు తీసుకోవచ్చో మాన్యువల్‌లో ఉంటుంది. జాకీకి కావలసింది అంతకు మించితే ఆ జాకీ మీ ట్రాక్టర్‌కి కాదు. కొత్త జాకీ మొదటిసారి నిండాక దించి, మట్టం చూసి, తగ్గినంత పోయండి. ట్రాలీ పైకి లేచి ఉండగా మట్టం చూసి నింపేస్తే, దించినప్పుడు ఎక్కువై పొంగుతుంది.

ఆయిల్ రకం మార్చకండి. బ్రేకులు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉండే ట్రాక్టర్లలో మాన్యువల్ చెప్పిన ట్రాన్స్‌మిషన్ ఆయిలే పోయాలి. మామూలు హైడ్రాలిక్ ఆయిల్ పోస్తే లిఫ్టు పనిచేస్తుంది కానీ బ్రేకులు అరవడం, పట్టకపోవడం మొదలవుతుంది. ట్రాలీని నలుగురి ట్రాక్టర్లకూ తగిలించే అలవాటు ఉంటే ఒకరి ఆయిల్, ఒకరి నీళ్లు, ఒకరి దుమ్ము మీ గేరుబాక్సులోకి వస్తాయని గుర్తుంచుకోండి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయన్నమాట.

చాలామందిని కంగారు పెట్టే ఒక చిన్న విషయం కూడా చెబుతాను. లోడు ట్రాలీ చక్కగా లేస్తుంది, కానీ దిగదు. లివర్ ఎటు తిప్పినా అలాగే నిలబడిపోతుంది. ఎక్కువసార్లు కారణం కపులింగ్, అంటే ట్రాలీ పైపును ట్రాక్టర్‌కి కలిపే ముక్కు, సగమే కూర్చోవడం. లోపల రెండు వైపులా చిన్న గుండో కోనో ఉంటుంది. పూర్తిగా నొక్కుకుంటేనే రెండూ ఒకదాన్నొకటి వెనక్కి నెట్టుకుంటాయి. సగం కూర్చుంటే పంపు బలానికి ఆయిల్ ముందుకైతే దూరిపోతుంది, తిరిగొచ్చేటప్పుడు అవతలిది తలుపులా మూసేస్తుంది. అప్పుడు చేయకూడని పని, పానాతో పైపు నట్టు వదులు చేయడం. టన్నుల బరువు ఆ ఆయిల్ మీద నిలబడి ఉంది. ముందు ట్రాలీ తొట్టిని దాని ఆపుడు కడ్డీతో, లేకపోతే గట్టి దుంగలతో నిలబెట్టాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి. ఇలాంటిది రాకుండా ఉండాలంటే తగిలించేటప్పుడే రెండు ముక్కుల మీదా ఉన్న మట్టిని గుడ్డతో తుడిచి, టక్కుమని కూర్చునే దాకా నొక్కి, ఒకసారి వెనక్కి లాగి చూడండి. తీసేముందు తొట్టి దించి, ఇంజిన్ ఆపి, లివర్ అటూ ఇటూ కదిపి ప్రెషర్ వదలాలి. ప్రెషర్ ఉండగా ఊడదీసి ఎండలో పెట్టిన నాగలి పైపులో ఆయిల్ వేడికి వ్యాకోచించి, మళ్లీ తగిలించబోతే సుత్తితో కొట్టినా కూర్చోదు. సుత్తితో కొట్టిన ముక్కు తర్వాత కారుతూనే ఉంటుంది.

నాగలి వాడకంలో రెండు మాటలు. దున్నేటప్పుడు లాగే భారాన్ని బట్టి లోతు సర్దే డ్రాఫ్ట్ లివర్, మలుపులో ఎత్తడానికి పెట్టిన ఎత్తులోనే ఉంచే పొజిషన్ లివర్. రోటవేటర్ అలవాటులో అన్నిటికీ పొజిషన్ మీదే నడిపితే గట్టి నేల తగిలినచోట ఇంజిన్ మూలుగుతుంది. చేను చివర నాగలిని పూర్తిగా ఎత్తి, చక్కర్లు తగ్గించి, అప్పుడు తిప్పండి. సగం ఎత్తులో తిప్పితే పాళ్ల మొనలు నేలకో టైరుకో తగులుతాయి. ఎక్కువ చక్కర్ల మీద తిప్పితే అంత బరువూ ఆ చివర స్టాపరుకి ధన్‌మని కొట్టుకుంటుంది, ఆ దెబ్బలకే పిన్నులు, ఫ్రేము పగుళ్లు. అప్పటికీ వేగంగా తిరిగితే పైపులో ఆయిల్ వేగం తగ్గించే చిన్న రిస్ట్రిక్టర్ వేయించవచ్చు.

తిరగడం పూర్తయ్యాక లివర్ వదిలేయండి. సిలిండర్ చివరికొచ్చాక కూడా లివర్ పట్టుకునే ఉంటే సన్నటి ఈల వినిపిస్తుంది, అది రిలీఫ్ వాల్వు. ఇందాకటి 7.5 కిలోవాట్లూ అప్పుడు పని చేయకుండా వేడిగా ఆయిల్‌లోకి పోతుంటాయి. 40 లీటర్ల ఆయిల్‌ని అది నిమిషానికి ఆరు డిగ్రీలకు పైనే వేడెక్కిస్తుంది. 80 డిగ్రీలు దాటితే ఆయిల్ పలచబడి, సీళ్లు గట్టిపడటం మొదలవుతుంది. హైడ్రాలిక్ మోటారుతో తిరిగే పనిముట్లు మీలాంటి పంపు మీద వద్దనేది కూడా ఇందుకే. గంటల తరబడి ఆయిల్ ప్రవహిస్తూ ఉంటే చల్లారే వీలుండదు. పీటీఓతో తిరిగేది దొరికితే అదే తీసుకోండి.

ఇప్పుడు లోడర్. ఉపయోగం లేదనను. ఎరువు, మట్టి ఎత్తేవాళ్లకు దానంత పని ఇంకేదీ చేయదు. కానీ మీ ట్రాక్టర్ టూ వీల్ డ్రైవ్. ముందు ఇరుసుకి ఒకటిన్నర మీటర్ల ముందు బకెట్‌లో 500 కిలోలు ఎత్తితే, ముందు ఇరుసు మీద అదనంగా పడేది 500 కాదు, దాదాపు 900. అందులో 400 వెనక చక్రాల నుంచి వచ్చినవే. లోడర్ చేతుల సొంత బరువు ఇంకా లెక్కలోకి రాలేదు. లాగాల్సిన వెనక చక్రాలు తేలికై తిరుగుతాయి, దిశ మార్చుకోవలసిన ముందు చక్రాలు నేలలోకి దిగుతాయి. వెనక లింకులకు బరువు కట్టకుండా లోడర్ నడపకూడదు. పైగా నిమిషానికి నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ మార్చే పనికి మామూలు క్లచ్చు తొందరగా అరుగుతుంది. పక్కకు వాలిన నేల మీద బకెట్ పైకెత్తి తిరిగితే పక్కకు బోల్తా పడటానికి ఎక్కువ సమయం పట్టదు. నింపిన బకెట్ ఎప్పుడూ నేలకు దగ్గరగానే ఉండాలి. సీటు మీద రక్షణ ఫ్రేము, బెల్టు లేని ట్రాక్టర్‌కి లోడర్ అసలు ఆలోచించవద్దు.

అన్నయ్య అయినా పట్టుబడితే రెండు అడగండి. మీ మోడల్‌కి లోడర్ పెట్టుకోవచ్చని ట్రాక్టర్ కంపెనీ రాతపూర్వకంగా చెబుతుందా? లోడర్‌కి ఇంజిన్ ముందు నుంచి తిరిగే సొంత పంపు, సొంత ట్యాంకు ఉన్నాయా? అలాంటి లోడర్ అయితే గేరుబాక్సు ఆయిల్ జోలికి రాదు, వెనక లిఫ్టు బలమూ తగ్గదు.

పైపుల గురించి ఒక్కటి. చిన్న రంధ్రం నుంచి ప్రెషర్ మీద వచ్చే ఆయిల్ కంటికి సరిగా కనిపించదు, పొగలా ఉంటుంది. ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడకండి. అట్ట ముక్క అడ్డంపెట్టి చూడండి. ఆ సన్నటి ధార చర్మంలోకి దూరితే ముల్లు గుచ్చుకున్నంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. అయినా ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి, ప్రెషర్ ఆయిల్ చర్మంలోకి పోయిందని స్పష్టంగా చెప్పాలి. ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. పైపు మీది రబ్బరు పగిలి లోపలి తీగ కనిపిస్తే టేపు చుట్టి సరిపెట్టకండి, మార్చేయండి. ఇక ట్రాలీ తొట్టి ఎత్తేముందు తలెత్తి కరెంటు తీగలు చూడటం, ఒకవైపు వాలిన నేల మీద ఎత్తకపోవడం, వెనక డోరు ముందే తీయడం, ఎత్తిన తొట్టితో బండి కదిలించకపోవడం మీకు తెలియనివి కావు. తొందర్లో మరిచిపోయేవీ అవే.

చివరగా మీ లిఫ్టు. ఇంజిన్ ఆపాక గంటల మీద మెల్లగా దిగడం పెద్ద జబ్బేమీ కాదు, పది నిమిషాల్లో దిగిందంటే ఎక్కడో లోపల కారుతోంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఎత్తిన కల్టివేటర్ కొద్దిగా దిగడం, మళ్లీ తనంతట తాను ఎగరడం చూశారా? అదీ ఇదే కారణం. మీ ట్రాక్టర్ సీటు కింద దిగే వేగం మార్చే నాబ్ ఉంటే ఒక పరీక్ష చేయండి. కల్టివేటర్ ఎత్తి, నాబ్ పూర్తిగా బిగించి, ఇంజిన్ ఆపి, దూరంగా నిలబడి చూడండి. దిగకుండా ఆగితే తప్పు కంట్రోల్ వాల్వు వైపు ఉంది. అప్పటికీ దిగితే లిఫ్టు సిలిండర్ పిస్టన్ సీలో, సిలిండర్ గోడ మీద గీతలో కారణం. ఈ మాట మెకానిక్‌కి ముందే చెబితే అనవసరంగా అంతా విప్పకుండా ఆ భాగమే చూస్తాడు. విప్పినప్పుడే ఫిల్టరు మార్చి, జాలీ కడిగించి, ఆయిల్ కూడా కొత్తది పోయించండి. అదే సందులో ప్రెషర్ గేజీ పెట్టించి రిలీఫ్ వాల్వు ఎన్ని బార్ల దగ్గర తెరుచుకుంటోందో చూపించమనండి. మాన్యువల్ అంకెకు దగ్గరగా వస్తే నాగలికి ఆర్డరివ్వొచ్చు. బాగా తక్కువ వస్తే పంపు అరిగిందా, వాల్వు స్ప్రింగు సడలిందా తేలేదాకా ఆగండి.